పక్షిరాజు ముక్కు

బిలాస్‌పూరులో మా ఇంటికి దినపత్రిక ఉదయము ఆరు గంటలకు వచ్చును. అది హిందీ పత్రిక. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దినములనుండి ఈ ఊరిలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములున్నను, తెలుగు పత్రికను నేడు చాలమంది చేతిఫోనులోనే చదువుకొనుచున్నారు. నాకు మాత్రము కాగితపు చప్పుడు వినబడనిదే చదివినట్లుండదు. మొదటి పుటలోని మంత్రుల ప్రసంగములను, రెండవ పుటలోని రైల్వేవారి ప్రకటనలను దాటుకొని నేను నేరుగా లోపలి పుటలో ఒక మూలకు పోవుదును. అక్కడ, రాశిఫలములకును పదబంధమునకును నడుమ, వ్రేలెడంత చోటులో, ఏదో యొక జంతువునుగూర్చి శాస్త్రజ్ఞులు క్రొత్తగా కనుగొనిన వింత యొకటి అచ్చుపడియుండును.

"దైవశాస్త్రంలో డాక్టరేటు తెచ్చుకున్న మనిషి పొద్దున్నే ముందు చదివేది ఇదా?" అని నా భార్య టీ గ్లాసు బల్లమీద పెట్టుచు నవ్వును. ఆమె నవ్వుటలో తప్పులేదు. ఒక్క హెబ్రీ క్రియాపదముకొరకు మూడు దినములు కూర్చుండు మనిషి, కాకులు మనుష్యుల ముఖములను గురుతుపట్టునని చదివి, లేచి కిటికీ యొద్దకు పోయి కాకులకు తన ముఖము చూపించుట వింతయే గదా.

2013వ సంవత్సరములో ఒక ఉదయమున ఆ మూలలో పేడపురుగు నన్ను పలుకరించినది. స్వీడన్ దేశములోని లుండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మారీ డాకె అను శాస్త్రవేత్తయు ఆమె సహచరులును దక్షిణాఫ్రికాలో పరిశీలించి ప్రకటించిన సంగతి అది. పేడకుప్ప దొరకగానే ఈ పురుగు తన వంతును ఉండగా చుట్టి, తక్కిన పురుగులు దొంగిలింపకుండ, కుప్పనుండి తిన్నగా దూరమునకు దొర్లించుకొని పోవలెను. వంకరగా పోయినయెడల తిరిగి ఆ దొంగల మధ్యకే వచ్చి పడును. అయితే చంద్రుడు లేని రాత్రి అది తిన్నగా ఎట్లు పోగలుగుచున్నది? శాస్త్రజ్ఞులు కొన్ని పురుగుల తలలకు అట్టముక్కతో చిన్న టోపీలు తొడిగి ఆకాశము కనబడకుండ చేసిరి. అవి దారితప్పి తిరుగాడెను. జోహానెస్‌బర్గులోని ప్లానెటేరియమునకు తీసికొనిపోయి, ఆ కృత్రిమాకాశములో పాలపుంత వెలుగుపట్టెను మాత్రమే చూపిరి. అవి మరల తిన్నగా నడచెను. పాలపుంతను చూచి దారి పట్టునని శాస్త్రమునకు మొదట రుజువైన ప్రాణి దేశదేశములు తిరుగు పక్షి కాదు, పేడపురుగు! నేను బిగ్గరగా నవ్వితిని. నవ్వు తగ్గిన పిమ్మట చాలసేపు ఊరకుంటిని.

మొదట నవ్వించి తరువాత ఆలోచింపజేయు పరిశోధనలకు ఇచ్చుటకై 1991లో అమెరికాలో 'ఇగ్ నోబెల్' అను పరిహాస బహుమతులు ప్రారంభమైనవి. పేడపురుగు పరిశోధకులకు ఆ 2013లోనే అది దక్కినది. మనదేశమువారును ఆ వరుసలో నున్నారు. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన కె. పి. శ్రీకుమార్, జి. నిర్మలన్ అనువారికి 2002లో గణితశాస్త్రములో ఈ బహుమతి వచ్చినది. ఏనుగు ఎత్తును, దాని ముంగాలి పాదపు చుట్టుకొలతను కొలిచిన చాలును, దాని చర్మము మొత్తము ఎన్ని చదరపు మీటర్లుండునో లెక్కకట్టవచ్చునని వారు చూపిరి. ఏనుగు ఒంటినిండ టేపు పరచి కొలువబోవువాని అవస్థను ఊహించుకొని ఎవరైనను నవ్వుదురు. అంత పెద్ద దేహము తన వేడిమిని ఆ చర్మముద్వారానే వెలికి పంపుకొనవలెనని తెలిసినవారు ఆ లెక్కను చిన్నచూపు చూడరు. ఇంగ్లాండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమువారు 516 మంది పాడిరైతులను విచారించి, ఆవులను పేరుపెట్టి పిలుచువారి మందలలో ఒక్కొక్క ఆవు ఏడాదికి 258 లీటర్ల పాలు ఎక్కువగా ఇచ్చుచున్నదని 2009లో తెలిపిరి. పేరే పాలు పెంచినదని గాదు. పేరుపెట్టువాడు ఆ ఆవును ఆవులలో ఒకటిగా గాక ఆ యొక్కదానినిగా చూచును, ఆ చూపు అతని చేతిలోనికి దిగును. మా తాతగారి ఊరిలో ఈ సంగతి చెప్పినయెడల, పేరు లేని ఆవు కూడ ఉండునా యని తిరిగి అడిగియుందురు. ఇక ఆస్ట్రేలియాలోని వోంబాట్ అను జంతువు పాచికలవలె నలుపలకల పెంటికలు వేయుటకు కారణము దాని ప్రేగు గోడల బిగువులోని హెచ్చుతగ్గులే యని కనుగొనినవారికి 2019లో బహుమతి లభించినది. దీనిని నేను ఫలహారపు బల్లయొద్ద చదివి వినిపించి మందలింపు పొందితిని గనుక ఇక్కడ విస్తరింపను.

ఇట్టివి చదివి ఆనందించుట సరియేనా? ప్రశ్న అల్పముగా కనబడును గాని నన్ను చాలకాలము బాధించినది. ఆ మూలకు ఎదుటి వరుసలోనే పంట ఎండిపోయిన రైతు సంగతి యుండును. పట్టాలమీద పనిచేయుచు ప్రాణము విడిచిన గ్యాంగ్‌మన్ సంగతి యుండును. వాటిని దాటి పురుగు కథకు పరుగెత్తువాని హృదయము ఎట్టిది? ఈ నింద తప్పించుకొనుటకు నేను ఒక ఉపాయము పన్నుకొంటిని. జంతువుల సంగతులన్నిటిని ప్రసంగములకు పనికివచ్చునట్లు మార్చుకొంటిని. సోమరిని చీమయొద్దకు పంపిన జ్ఞాని నాకు ఆ త్రోవ చూపెననుకొంటిని. నా బల్ల సొరుగులో ఒక నోటుబుక్కు ఉన్నది. దాని ఎడమ పుటలో జంతువు, కుడి పుటలో నీతి. పేడపురుగు ఎడమ, పైనున్నవాటిని వెదకుట కుడి. ఇట్లు వ్రాసికొనిన పిమ్మట నా ఆనందము సోమరితనము గాక పరిచర్య యనిపించెను. కాలము గడచినకొలది కుడి పుటలు నిండుచు వచ్చెను. ఎడమ పుటలోనిది నిజమా కాదా యని చూచుట నేను మానుకొంటిని.

ఆ దినములలోనే నేను యోబు గ్రంథములోని చివరి అధ్యాయముల అనువాదమును సరిచూచుచుంటిని. అందులో సృష్టికర్త తుపానునుండి మాటలాడుచు కొండమేకను, అడవిగాడిదను, నిప్పుకోడిని, డేగను ఒక్కొక్కటిగా యోబు ఎదుటికి తెచ్చును. వాటిలో ఒక్కటియు యోబునకు నీతి బోధించుటకు రాలేదు. అడవిగాడిద ఎవరి బండిని లాగదు. నిప్పుకోడికి తెలివి తక్కువయని చెప్పుచునే, అది పరుగునకు లేచినప్పుడు గుఱ్ఱమును చూచి నవ్వునని సంతోషముతో వర్ణింపబడినది. కుటుంబమును, ఆరోగ్యమును పోగొట్టుకొని బూడిదలో కూర్చున్న మనుష్యునికి జంతువుల వింతలు చెప్పబడుచున్నవి! వాటికి కుడి పుట లేదు. ఈ భాగముమీద నేను పదకోశములు ముందు వేసికొని నెలల తరబడి పనిచేసితిని. నా నోటుబుక్కునకును దీనికిని ఉన్న వ్యత్యాసము మాత్రము నా కంట బడలేదు.

అది కంట బడునట్లు చేసినది ఒక బాలిక. ఆదివారపు బడిలో నేను పక్షిరాజు కథ చెప్పితిని. చదువరులలో చాలమంది ఆ కథ వినియుందురు, కొందరు చెప్పియు ఉందురు. పక్షిరాజు 70 ఏండ్లు బ్రదుకును. 40వ ఏట దాని ముక్కు వంగి, గోళ్లు మెత్తబడి, రెక్కలు బరువెక్కును. అప్పుడది కొండకొమ్మున ఒంటరిగా కూర్చుండి ముక్కును బండకు కొట్టి ఊడగొట్టుకొని, క్రొత్తముక్కు వచ్చినమీదట గోళ్లను, గోళ్లు వచ్చినమీదట ఈకలను పెరికివేసికొని, 150 దినములు ఆ బాధపడి, మరి 30 ఏండ్ల ఆయుస్సు సంపాదించును. నేను ముగించునప్పటికి ఎనిమిదేండ్ల ఆ బిడ్డ చేయి యెత్తి, "అయ్యగారూ, ఆ ఐదు నెలలు అది ఏం తింటుంది?" అని అడిగెను.

నాయొద్ద జవాబు లేదు. ఇంటికి వచ్చి పక్షిశాస్త్ర గ్రంథములు తెరచితిని. కథలోని ఒక్క మాటయు నిలువలేదు. అడవిలో గద్ద జాతుల ఆయుస్సు సాధారణముగా 30 ఏండ్లకు మించదు. ముక్కు మన గోళ్లవలె నిరంతరము పెరుగుచు వాడుకచేత అరుగుచుండును; అది మొదలంట విరిగిన పక్షి ఆకలిచేత చచ్చును. ఈకలన్నియు ఒక్కసారి పోవు. కొన్ని రాలును, వాటి స్థానమున క్రొత్తవి వచ్చును, పిదప మరికొన్ని రాలును. పెద్ద గద్దలలో రెక్కల ఈకలన్నియు మారుటకు ఒక సంవత్సరము చాలదు. ఆ కాలమంతయు అది ఎగురుచు, వేటాడుచు, పిల్లలను సాకుచునే యుండును. ఇది చదివినప్పుడు, ఎగురుట మానకయే నూతనమగుట ఎంత చక్కని వర్తమానమని నా చేయి నోటుబుక్కు కొరకు సొరుగులోనికి పోయెను. అలవాటు అంత త్వరగా చావదు.

ఈ కథ నేటిది కాదు. రెండవ శతాబ్దమునకును నాలుగవ శతాబ్దమునకును మధ్య గ్రీకు భాషలో, బహుశః అలెగ్జాండ్రియాలో, 'ఫిసియోలొగస్' అను చిన్న పుస్తకము పుట్టెను. దానిలో నా నోటుబుక్కులో వలెనే ప్రతి జంతువునకు ఒక నీతి యున్నది. గూడబాతు చచ్చిన తన పిల్లలను తన రక్తము చిందించి మూడవ దినమున బ్రదికించును. ముసలిదైన పక్షిరాజు సూర్యునివైపు ఎగిరి రెక్కలు కాల్చుకొని ఊటలో మునిగి పడుచుదగును. లాటిను, సిరియక్, ఆర్మీనియా భాషలలోనికి ఆ పుస్తకము తర్జుమాయై, వెయ్యేండ్లు క్రైస్తవ దేశముల గుడిగోడలమీద బొమ్మలైనది. ముక్కును బండకు రాచుకొను పక్షిరాజును హిప్పో పట్టణపు బిషప్ అగస్టీను 103వ కీర్తన వ్యాఖ్యానములో చెప్పియున్నాడు. గూడబాతు కథ చెప్పునప్పుడు ఆ మహనీయుడు జాగ్రత్తపడెను: ఇది నిజము కావచ్చును, కాకపోవచ్చును, నిజమైనచో దాని భావము ఇట్లు అన్వయించునని ఆయన భావము. నా విద్యార్థిదశలో ఈ మాట నాకు ఎంతో ఉదారముగా తోచెను. నేడు అట్లు తోచుటలేదు.

మన తెలుగు కవులును చకోరమునకు వెన్నెల త్రాగించిరి, హంసచేత పాలను నీళ్లను వేరుచేయించిరి, చాతకమును వానచినుకు కొరకు నోరు తెరచి కూర్చుండబెట్టిరి. వారు దానికి కవిసమయమని పేరుపెట్టి పక్కకు పెట్టిరి; వినువారికిని అది తెలియును. భార్య చనిపోయిన రాత్రి చకోరమును ఆనుకొని ఎవరును నిలువబోరు. ప్రసంగపీఠమునుండి శాస్త్రము చెప్పుచున్నదని మనము చెప్పిన పక్షిమీద మాత్రము మనుష్యులు తమ బరువంతయు మోపుదురు. అట్లు మోపిన ఒకాయనను నేనెరుగుదును గనుకనే ఇది వ్రాయుచున్నాను.

ఆయన విశ్రాంతి పొందిన ఇంజను డ్రైవరు. శ్రీకాకుళము ప్రాంతమునుండి పదునెనిమిదేండ్ల వయస్సున వచ్చి, ఆవిరి యింజను, డీజిలు, విద్యుత్తు మూడింటిని నడిపినవాడు. ఆరు సంవత్సరముల క్రిందట ఆయన భార్య మరణించినది. నేను మూడు సాయంత్రములు వరుసగా ఆయన యింటికి పోయితిని. మూడవ సాయంత్రము ఏమి చెప్పుటకును తోచక పక్షిరాజు కథ చెప్పితిని. అప్పటికాయనకు 72 ఏండ్లు. మరుసటి నెలలో ఆయన యింటి గోడమీద గద్ద బొమ్మగల క్యాలెండరు వెలసెను. సంవత్సరములు మారినను ఆ క్యాలెండరు మారలేదు. తానే వంట నేర్చుకొనెను, తానే బట్టలు ఉతికికొనుచుండెను. ఎవరైనను మెచ్చుకొనిన గోడవైపు వ్రేలు చూపుచుండెను.

ఆ బాలిక ప్రశ్నించిన పిమ్మట నేను రెండు నెలలు ఆ వీధివైపు పోలేదు. నిజము చెప్పుట నా విధి యని ఒక మనస్సు. ముసలివాని ఊతకఱ్ఱను లాగివేయుట ఏమి ధర్మమని మరియొక మనస్సు. ఈ రెండవ మనస్సునకు కరుణయని పేరుపెట్టుకొంటిని గాని, అందులో సగము నా పరువు.

ఈలోగా అనువాదకునిగా మరియొక చిక్కు నాకు తగిలెను. మన తెలుగు బైబిలులో పక్షిరాజని యున్నచోట మూలమందు 'నెషెర్' అను పదమున్నది. అది గద్దకును చెల్లును, రాబందునకును చెల్లును. మీకా ప్రవక్త మొదటి అధ్యాయములో దాని బోడితనమును పోలికగా చెప్పుచున్నాడు. గద్ద తల బోడి కాదు, రాబందు తలయు మెడయు బోడివి. కావున యౌవనమును క్రొత్తపరచుకొనుటకు కీర్తనకారుడు పోలికగా తెచ్చిన పక్షి రాబందైయుండుటకు అవకాశము కలదు. తెలుగులో ఆ మాట వ్రాయుటకు ఎవని కలము సాహసించును? మన భాషలో రాబందు తిట్టు. బలహీనులను దోచుకొనువారికి పెట్టు పేరు అది. ఒక మధ్యాహ్నమంతయు ఆ పదము వ్రాసి కొట్టివేసి, వ్రాసి కొట్టివేసి, చివరకు పక్షిరాజునే ఉంచితిని. మనము ఆ ప్రాణిని ఎంత అన్యాయముగా తిట్టుగా మార్చితిమో ఆ దినమున తెలిసెను.

ఆ తిట్టు తినుచునే అది మన ఆకాశమునుండి పోయినది. 1990ల మధ్యనుండి భారతదేశమంతట రాబందులు కుప్పకూలుచుండగా కారణము ఎవరికిని బోధపడలేదు. పశువులకు నొప్పి తగ్గుటకిచ్చు డైక్లోఫెనాక్ అను మందు ఆ పశువు కళేబరము తినిన రాబందుల మూత్రపిండములను చెరుపుచున్నదని, పాకిస్తానులో పనిచేసిన లిండ్సే ఓక్స్ బృందము 2004లో బయలుపరచినది. 2006లో మన ప్రభుత్వము పశువైద్యములో ఆ మందును నిషేధించినది. అప్పటికే ఆలస్యమైనది. తెల్లవీపు రాబందులు 1992లో వెయ్యి యున్నచోట 2007 నాటికి ఒక్కటి మిగిలినది. ఇది జంతువునుగూర్చి శాస్త్రము కనుగొనిన సంగతియే; నేను ప్రతి ఉదయము వెదకు ఆ మూలలో ఇది ఎన్నడును అచ్చుపడినట్లు నాకు జ్ఞాపకము లేదు. నవ్వు రాని సంగతి గదా.

నవ్వు వచ్చు సంగతులకును వెల యున్నది. సహారా ఎడారిలోని చీమలు ఇంటినుండి ఎంత దూరము వచ్చినవో ఎట్లు తెలిసికొనునని విట్లింగర్, వేనర్, వోల్ఫ్ అనువారు పరిశోధించి 2006లో ప్రకటించిరి. కొన్ని చీమల కాళ్లకు పంది వెండ్రుకలు అతికి పొడుగు కాళ్లు చేసిరి; అవి గూటిని దాటి ముందుకు పోయి వెదకెను. కొన్నిటి కాళ్లను కొంతమేరకు కత్తిరించిరి. అవి గూటికి ఇవతలనే నిలిచి వెదకెను. కాబట్టి చీమకు అడుగులను లెక్కించు శక్తివంటిది యున్నదని తేలినది. పొడుగు కాళ్లమీద నడచు చీమను తలచుకొని నేను నవ్వితిని. కాళ్లు తెగిన చీమ సంగతి అదే వాక్యములో నున్నను, దానిమీదుగా నా కన్ను జారిపోయెను. ఆ శాస్త్రజ్ఞులను దూషించుట నా ఉద్దేశము కాదు. నా కన్ను జారిన వేగమే నన్ను కలవరపెట్టుచున్నది.

ఇట్టి కలవరమును శాస్త్రజ్ఞులే మనకంటె ముందు అనుభవించిరి. జె. బి. ఎస్. హాల్డేన్ అను ఆంగ్లేయ జీవశాస్త్రవేత్త 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటునకు వచ్చి, మన పౌరసత్వము పుచ్చుకొని, ఈ దేశములోనే కన్నుమూసెను. దేవుడున్నాడని ఆయన నమ్మలేదు. సృష్టిని చూచి సృష్టికర్తనుగూర్చి ఏమి గ్రహింపవచ్చునని అడిగిన వేదాంతులతో, ఆయనకు పెంకుపురుగులమీద మితిమీరిన మక్కువ యున్నట్లున్నదని హాల్డేన్ ఎగతాళి చేసెనని ప్రసిద్ధి. పేరు పెట్టబడిన పెంకుపురుగు జాతులే సుమారు 4,00,000. మన పేడపురుగును ఆ వంశమే. ఎగతాళిగా అనిన ఆ మాట యోబు గ్రంథము చివరి అధ్యాయములకు ఎంత సమీపమో ఆయన ఎరిగియుండునా యని నేను ఆలోచించుచుందును.

ఆ మనిషి మనదేశపు యువశాస్త్రజ్ఞులకు, చంపకయు గాయపరచకయు ప్రాణులను చూచి లెక్కించు పరిశోధన చేయుడని బోధించెను. పక్షులను హింసలేకుండ శాస్త్రీయముగా పరిశీలించుటనుగూర్చి 1959లో ఒక వ్యాసమే వ్రాసెను. ఆయన శిష్యులలో ఒకరు మన తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావుగారు. ఆయన లంటానా పొదలయొద్ద నిలువబడి ఏ జాతి సీతాకోకచిలుక ఏ రంగు పువ్వుమీద వాలుచున్నదో లెక్కపెట్టి, జాతి జాతికి రంగుల యెంపిక వేరని గమనించి 1960లో 'నేచర్' పత్రికలో ప్రకటించెను. కావలసిన పరికరములు రెండు కన్నులు, ఒక కాగితము, ఓపిక. మరియొక శిష్యుడు జయకర్ తీతువు పిట్టల గూళ్లను కావలికాసెను. హాల్డేన్ ప్రమాదకరమైన పరీక్షలను, విషవాయువులను పీల్చుట మొదలగువాటిని, తన సొంత దేహముమీదనే చేసికొనుచుండెడివాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరములో ఆయన మరణించినప్పుడు, ఆ దేహము ఆయన కోరిక ప్రకారము కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల నిమిత్తము చేరినది. నమ్మినవాడనైన నేను చీమ కాళ్లమీదుగా కన్ను జార్చితిని. నమ్మనివాడు తన శవమును కూడ లెక్కలోనికి తెచ్చెను. ఈ రెంటిని ఎదురెదురుగా పెట్టుకొనిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుసటి సాయంత్రము డ్రైవరుగారి యింటికి పోయితిని.

ఆయన అరుగుమీద కూర్చుండి బియ్యము ఏరుకొనుచుండెను. నేను ఉపోద్ఘాతము లేకయే, "బాబాయిగారూ, మీకు నేను చెప్పిన గద్ద కథ నిజం కాదండీ. నేను విచారించకుండా చెప్పాను. నా తప్పు" అంటిని. ఆయన ఏరుట మానలేదు.

"తెలుసు అయ్యగారూ," అనెను.

"ఎప్పటినుంచి?"

"మీరు చెప్పిన రోజునే. లోకోషెడ్డు మీద గద్దల్ని ముప్పై ఏళ్లు చూశాను. ముక్కు విరిగిన గద్ద వారం బతకదు. మీకు మాత్రం మాట తోచక చెప్పారు, నాకు తెలియదేటి? మూడు రోజులు వరసగా వచ్చారు. అంతకంటే నాకేం కావాలి."

నేను మాట్లాడలేకపోయితిని. ఆయనయే సంభాషణ మార్చెను. కట్నీ మార్గములో ఖోంగ్‌సరా దాటిన పిమ్మట పశువు బండిక్రింద పడినచోట వెనుకటికి రాబందులు గుంపుగా దిగెడివని చెప్పెను. కడుపునిండ తినిన రాబందు వెంటనే ఎగురలేదట. ఇంజను కూత వేసినప్పుడు రెక్కలు చాచుకొని పట్టాల మధ్య పరుగెత్తెడివట. "అచ్చం బస్సు తప్పిపోతున్న ముసలమ్మల్లాగ! తొక్కడం ఇష్టంలేక బ్రేకు వేసేవాణ్ణి. లేటు ఎందుకయిందని అడిగితే కాగితంలో ఏం రాయాలి?" అని ఆయన కన్నుల నీరు కారునంతగా నవ్వెను. కొంతసేపటికి, "ఇప్పుడు పశువు పడితే కుక్కలే," అనెను.

నేను పేడపురుగు సంగతి చెప్పితిని. ఆయన చేతిలోని చేట ప్రక్కన పెట్టి వినెను. టోపీ తొడిగిన భాగమును రెండుమారులు చెప్పించుకొనెను. తరువాత, డ్రైవరు అడుగదగిన ప్రశ్న అడిగెను: "మబ్బు పడితే?"

మబ్బు కమ్మిన రాత్రి అదియు దారి తప్పి వంకరలు తిరుగునని శాస్త్రజ్ఞులు చూచిరని చెప్పితిని. ఆయన తల యూపెను. పొగమంచు దినములలో సిగ్నలు కనబడదు గనుక పట్టామీద పటాకా కట్టుదురనియు, చక్రము దానిమీద ఎక్కి పేలిన చప్పుడునుబట్టి సిగ్నలు దగ్గరపడినదని తెలిసికొందుమనియు చెప్పి, "పాపం పురుక్కి అదీ లేదు," అనెను.

లేచునప్పుడు నా చూపు గోడమీదికి పోయెను. ఆ క్యాలెండరును తీసివేయుదునా యని అడిగితిని.

"ఎందుకండీ," అనెను ఆయన. "గద్ద ఏం చేసింది?"